ఎడమ బాణం మీద అడుగులు

మీరిప్పుడు పనిచేసే చోట ప్రతిదానికీ ఒక తెర ఉంటుంది, ఆ తెర మీద ఒక అంకె ఉంటుంది. ఆ అంకె చూసి మనుషుల గురించి నిర్ణయాలు తీసుకుంటారు. తప్పని నేననను. ముప్పై ఏళ్లు నేనూ అదే పని చేశాను. తెర బదులు నాకు ఇత్తడి మీటర్లు ఉండేవి, అంతే తేడా. ఉద్యోగం విడిచిపెట్టాక కుర్రాళ్లెవరైనా వచ్చి "మీ అనుభవం ఏదైనా చెప్పండి" అంటే గెలిచిన సంగతులు చెప్పను. అవి పెద్దగా లేవు కూడా. విజయనగరంలో ఒక గేమింగ్ జోన్‌లో, డాన్స్ మెషీన్ గురించి నలభై ఒక్క రోజుల పాటు నేను రాసిన లెక్క సంగతి చెబుతాను. ఆ లెక్కలో ఒక్క అంకె కూడా తప్పు లేదు.

నా చదువు పదో తరగతితో ఆగిపోయింది. గోనె సంచులు నేసే జూట్ మిల్లులో గుమాస్తాగా చేరాను. అక్కడ ప్రతి మగ్గానికీ ఒక మీటరు ఉండేది. ఒక షిఫ్టు దిగేటప్పుడు అందులో ఎంత ఉందో, తర్వాతి షిఫ్టు ఎక్కేటప్పుడూ అంతే ఉండాలి. తేడా వస్తే మధ్యలో ఎవరో మగ్గం నడిపినట్టు. సగటు కట్టడం ఎలాగో, హెచ్చుతగ్గులు ఎంతవరకు మామూలో, ఎక్కడి నుంచి అనుమానించాలో నాకెవరూ నేర్పలేదు. పాత రిజిస్టర్లు ముందేసుకుని నాకు నేనే నేర్చుకున్నాను. "నీ కళ్లకి మనిషి ఆనడు, మీటరే ఆనుతాది" అని ఒక మగ్గం మేస్త్రి అనేవాడు. పొగడ్త అనుకునేవాణ్ని.

మిల్లు మూతపడింది. అప్పటికి నాకు యాభై దాటాయి. తెలిసినవాళ్ల ద్వారా గేమింగ్ జోన్‌లో మెషీన్ సూపర్వైజర్ పని దొరికింది. ఊరి నడిమధ్య ఒక షాపింగ్ కాంప్లెక్సులో నాలుగో అంతస్తు. కార్ల ఆటలు, తుపాకీ ఆటలు, బొమ్మల్ని కొక్కేంతో పైకి లాగే పెట్టె. మేనేజరు నా కొడుకు కంటే చిన్నవాడు. నేను నలిగిన ఖద్దరు చొక్కాతో, చేతిలో రూళ్ల పుస్తకంతో వాటి మధ్య తిరుగుతుంటే, ఆడటానికి వచ్చిన ఇంజినీరింగ్ కుర్రాళ్లు "ఆడిట్ వచ్చాడ్రా" అని నవ్వుకునేవాళ్లు.

నేను చేరిన రెండు నెలలకు డాన్స్ మెషీన్ వచ్చింది. రెండు వేల పదుల మధ్యకాలం అది. పెద్ద నగరాల్లో అప్పటికే చాలాకాలంగా ఆడి పాతబడిన ఆట, మా ఊరికి సెకండ్ హ్యాండ్‌లో చేరింది. నేల మీద జానెడు ఎత్తున ఒక వేదిక. దాని మీద నాలుగు బాణాలు: ముందు, వెనక, కుడి, ఎడమ. ఎదురుగా తెర. పాట మొదలవగానే తెర మీద బాణాలు కింది నుంచి పైకి వస్తాయి. పైనున్న గీతను ఏ బాణం తాకుతుందో, సరిగ్గా అదే క్షణానికి కింద ఆ బాణం మీద అడుగు వేయాలి. ముందేసినా తప్పే, వెనకేసినా తప్పే. వెనక పట్టుకోవడానికి ఒక ఇనుప కడ్డీ ఉంటుంది.

మొదటి వారం దాని మీద ఎవరూ ఎక్కలేదు. చుట్టూ మూగి చూశారు, అంతే. ఆ తర్వాత ఎక్కినవాళ్లు ముందు చెప్పులు విప్పారు. విప్పమని మేం చెప్పలేదు. లైట్లు వెలిగే వేదిక కదా, చెప్పుకాళ్లతో ఎలా ఎక్కుతారు? మెషీన్ పక్కన చెప్పుల వరస చూసి జనం తెలిసేది. ఎనిమిది జతలుంటే మామూలు రోజు, ఇరవై దాటితే పండగ. ఆరు నెలలు తిరిగేసరికి శనివారాల్లో ముప్పై జతలు కూడా లెక్కపెట్టాను. కాలేజీల మధ్య పోటీలు మొదలయ్యాయి. తెలియని భాషల పాటలకు చీపురుపల్లి కుర్రాళ్లు, గజపతినగరం అమ్మాయిలు అడుగు తప్పకుండా ఎగిరేవారు.

జనానికి ఆ ధైర్యం వచ్చింది ఒక అమ్మాయి వల్ల. ఆట చూపించడానికి కంపెనీ పెట్టుకున్న డెమో అమ్మాయి. ఇరవై రెండేళ్లుంటాయి. కొత్తవలస నుంచి పాసింజరు రైల్లో వచ్చేది. తండ్రి బాప్టిస్టు సంఘంలో పెద్ద. కూతురు కాంప్లెక్సులో కంప్యూటర్ ముందు కూర్చుంటుందని ఆయనకు చెప్పి వచ్చేది. నన్ను బాబాయ్ అనేది.

"ఇది డాన్సు కాదు బాబాయ్. నాను టైపు లోయర్ పరీక్ష పాసయ్యాను. అక్కడ పది వేళ్లు, ఇక్కడ రెండు కాళ్లు. అంతే తేడా."

"మరి మీ నాన్నగారికి ఆ మాటే చెప్పొచ్చు కదా?"

"చెప్తే ఒక్క ప్రశ్న అడుగుతాడు. పాట ఉందా అని. ఉందంటే అయిపోయినట్టే."

ఆ అమ్మాయికి ఒక ఆశ ఉండేది. శ్రీకాకుళంలో కంపెనీ కొత్త జోన్ తెరవబోతోంది. అక్కడికి ఒక ట్రైనర్ కావాలి. పర్మినెంటు పోస్టు. మా జోన్ నుంచి ఆమె పేరే వెళ్లింది. "ట్రైనర్ అని కార్డు ఇస్తే అది పట్టుకెళ్లి నాన్నకి చూపిస్తాను. ట్రైనర్ అంటే టీచర్ లాంటిదే కదా బాబాయ్?" అని అడిగింది ఒకసారి. అవునన్నాను.

ఇక నా పద్ధతులు. మిల్లులో షిఫ్టుకు ముందు యంత్రాల్ని కాసేపు ఉత్తినే తిప్పేవాళ్లం, వేడెక్కడానికి. ఆ అలవాటు కొద్దీ ఇక్కడా ఒక ఆర్డరు వేశాను. జోన్ తెరిచేది పదిన్నరకైనా, కింద మెయిన్ స్విచ్ వాచ్‌మన్ తొమ్మిదికే వేయాలి. ఎలక్ట్రానిక్ మెషీన్లకు ఆ అవసరం లేదని మేనేజరు అన్నాడు. నేను వినలేదు. ఇంకో ఆర్డరు తుడిచే ఆవిడకు. కర్ర మాప్‌కి ఉండే ఇనుప క్లిప్పు వేదిక మీద గీతలు పెడుతోంది. అందుకని డాన్స్ మెషీన్ దగ్గర మాప్ వాడొద్దు, గుడ్డతో తుడవాలి, అద్దంలా ఉండాలి అన్నాను. ఆవిడది భోగాపురం దగ్గర చేపల ఊరు. బుట్ట మోసి మోసి మోకాలు అరిగిపోయి ఈ పనికి వచ్చింది. "అద్దంలాగేనా? సరే బాబూ, నీ మొకం కనిపించేలాగ తుడుస్తాను" అంది.

అంతా బాగా నడుస్తుండగా ఎడమ బాణం పనిచేయడం మానేసింది. లోపల ఉండే మీట పాడైందని మార్చారు. రెండు నెలలకు మళ్లీ అదే. విశాఖ నుంచి కంపెనీ మనిషి వచ్చాడు. టై కట్టుకున్నవాడు. వేదిక మూత విప్పి, మీట మార్చి, "ఇంత తొందరగా పోకూడదు. ఇక్కడి స్టాఫే ఎవరో ఊరికే ఎక్కి ఆడుతున్నారు. మీరు చూసుకోవాలి కదా సూపర్వైజర్ గారూ" అన్నాడు.

నా పనిని వేలెత్తి చూపించినట్టు అనిపించింది. ఆ సాయంత్రమే మెషీన్ పక్కనున్న చిన్న తలుపు తెరిచాను. లోపల ఒక బొత్తాం ఉంటుంది. నొక్కితే ఏ బాణం మీద ఇప్పటివరకు ఎన్ని అడుగులు పడ్డాయో తెర మీద చూపిస్తుంది. మగ్గం మీటరు లాంటిదే. మూసేటప్పుడు రాసుకున్నాను. మర్నాడు తెరిచేటప్పుడు రాసుకున్నాను.

రెండు వందల రెండు అడుగుల తేడా.

రెండో రోజు నూట తొంభై ఆరు. మూడో రోజు రెండు వందల పదకొండు. మూసిన వేళకీ తెరిచిన వేళకీ మధ్య, ఎవరూ లేని జోన్‌లో ఎవరో అడుగులు వేస్తున్నారు. అబద్ధం ఎందుకు చెప్పాలి, నాకు సంతోషం కలిగింది. ఎన్నాళ్లకో మీటరు మళ్లీ నాతో మాట్లాడింది.

పోటీల్లో వాడే పాటలో ఎన్ని బాణాలుంటాయో నాకు తెలుసు. రెండు వందల ఆరు. అంటే రోజుకు ఒక పాట. హెచ్చుతగ్గులు తప్పిన అడుగులూ, ఎక్కువ పడ్డ అడుగులూ. వాచ్‌మన్ నాలుగంతస్తులు ఎక్కే మనిషి కాడు. స్విచ్ వేసి కుర్చీలో కూర్చుంటాడు. మేనేజరు పదకొండుకు ముందు రాడు. పొద్దున్నే వచ్చేది ఒక్క డెమో అమ్మాయి. పాసింజరు దిగి తొమ్మిదింబావుకే కాంప్లెక్సుకు చేరుతుంది. తర్వాతి రైలైతే ఆలస్యమవుతుందని.

ఆదివారం తేడా సున్నా. తర్వాతి ఆదివారమూ సున్నా. ఆదివారం మేం తొమ్మిదిన్నరకే తెరిచేవాళ్లం. ఆ అమ్మాయి మాత్రం చర్చిలో ప్రార్థన అయ్యాక మధ్యాహ్నం వచ్చేది. ఇంకేం కావాలి?

ఒక్కటి మాత్రం పొసగలేదు. ఏ పాటలోనైనా నాలుగు బాణాలూ ఇంచుమించు సమానంగా వస్తాయి. ఈ తేడాలో ఎడమ బాణం మిగతావాటికి రెట్టింపు. మొదటి రోజే చూడండి: ఎడమ ఎనభై రెండు, మిగతావి నలభై చొప్పున. పుస్తకం అంచున పెన్సిలుతో ఒక ప్రశ్న గుర్తు పెట్టాను. పెట్టి, పేజీ తిప్పేశాను.

అడగలేదని కాదు. ఒకరోజు టీ తాగుతూ అడిగాను.

"పొద్దున్నే వచ్చి ఏం చేస్తావమ్మా?"

"ఏటుంది బాబాయ్, కింద బల్ల మీద కూకుని టిఫిను తింటాను."

"పైకి రావా?"

"రాను."

"మెషీన్ ఎక్కవా?"

"జీతానికి ఎక్కుతున్నది సాలదేటి, ఉత్తినే కూడా ఎక్కాలా?" అని నవ్వింది. నవ్వు ఒక పిసరు ఎక్కువైందనిపించింది. అనుమానం వచ్చినవాడికి ఎదుటివాళ్ల నవ్వు ఎప్పుడూ సరిపడా ఉండదు, ఎక్కువో తక్కువో అవుతుంది.

వాచ్‌మన్‌ దగ్గర వాకబు చేశాను. "ఆ గుంట రోజూ మేడ మీదకి ఎల్తాది కదండీ, ఐదు నిమిషాల్లో దిగిపోతాది" అన్నాడు. అబద్ధం దొరికింది. ఎందుకు వెళ్తుందో వెతికితే మెషీన్ వెనక అరలో పాత సంచిలో తెల్ల కాన్వాసు బూట్లు కనిపించాయి. ఉత్త కాళ్లు చెమటకు జారతాయని ఆటలో ఆమె బూట్లు వేసుకునేది. ఇంటికి తీసుకెళ్తే తండ్రి అడుగుతాడు. అందుకని ఇక్కడే దాచి, పొద్దున్నే వచ్చి వేసుకుని దిగిపోయేది. స్టాఫు సొంత వస్తువులు జోన్‌లో ఉంచకూడదని రూలు. ఆ అబద్ధానికి అదే కారణం. కానీ నేను అంత చిన్న కారణంతో తృప్తిపడే స్థితిలో లేను. బూట్లు ఇక్కడున్నాయంటే ఆడటానికేనని రాసుకున్నాను.

అప్పుడు వల పన్నాను. మూసేటప్పుడు వేదిక మీద సుద్దపొడి పలచగా చల్లాను. మిల్లులో గోదాములోకి ఎవరు వెళ్తున్నారో ఇలాగే పట్టేవాళ్లం. పొద్దున వచ్చి చూస్తే అడుగుల గుర్తులు లేవు. అసలు సుద్దపొడే లేదు. వేదిక అద్దంలా మెరుస్తోంది. తేడా రెండు వందల ఇరవై ఒకటి.

నేనేమనుకున్నానో మీరు ఊహించగలరు. ఎంత గడుసుపిల్ల, ఆనవాలు లేకుండా తుడిచేసింది అనుకున్నాను. అంత శుభ్రంగా తుడిచిందంటే తప్పు చేసినట్టేనని కూడా రాసుకున్నాను. ఇప్పటికీ ఆ పేజీ చూస్తే నాకు చెవులు వేడెక్కుతాయి.

నలభై ఒక్క రోజులు నిండాక విశాఖ నుంచి టై కట్టుకున్నాయన మళ్లీ వచ్చాడు, ట్రైనర్ పోస్టు ఖాయం చేయడానికి. మేనేజరు అద్దాల గదిలో కూర్చున్నాం. నేను పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టాను. ఆ అమ్మాయి నిలబడే ఉంది. కూర్చోమని ఎవరూ అనలేదు.

చదివాను. రోజూ వచ్చిన తేడా, ఆదివారం సున్నా, వాచ్‌మన్ మాట, బూట్లు, సుద్దపొడి. విశాఖ ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. ఇలాంటి పుస్తకం ఎక్కడా చూడలేదన్నాడు. మేనేజరు మాత్రం నీళ్లు నమిలాడు. "ఏటండీ ఇది, మన పిల్లే కదండీ, ఒకపాలి మందలిస్తే సరిపోదేటి?" అన్నాడు.

"నన్నెవరైనా సూశారా బాబాయ్?" అంది ఆ అమ్మాయి. "ఒక్కరంటే ఒక్కరు, మెషీన్ మీద సూశారా?"

"చూడక్కర్లేదమ్మా. ఆదివారం నువ్వు రావు, ఆదివారం తేడా రాదు."

"అంటే ఆదివారం నాడు దేవుడి దగ్గర ఉండటం కూడా దొంగతనమేనా?"

విశాఖ ఆయన నవ్వాపుకున్నాడు. పుస్తకంలో వేలు పెట్టి, "ఈ ఎడమ బాణం మాత్రం ఎందుకింత ఎక్కువ?" అని నన్నే అడిగాడు.

ఆ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. నలభై ఒక్క రోజుల నుంచి దానికి నా దగ్గర జవాబు లేదు. "ఆ అమ్మాయిది ఎడమ కాలి వాటమండీ" అన్నాను. నోటికి అలా వచ్చేసింది. ఆమెది ఏ కాలి వాటమో నేనెప్పుడూ చూడలేదు. ఆ పుస్తకంలో ఒక్క అంకె కూడా తప్పు లేదని మొదట్లో చెప్పాను కదా. ఈ అబద్ధం పుస్తకంలో లేదు, పుస్తకం పక్కన ఉంది.

"నాది ఎడమ వాటమా?" అని ఆమె ఆశ్చర్యపోయింది.

"పొద్దున తొమ్మిదికీ పదికీ మధ్య ఆ బాణాలు తమంతట తామే నొక్కుకుంటున్నాయా? ఆ సమయంలో పైన ఇంకెవరుంటారు, చెప్పు!" అని నేను గట్టిగా అన్నాను.

ఆమె నోరు తెరిచింది. అప్పుడే తుడిచే ఆవిడ టీ గ్లాసుల పళ్లెం పట్టుకుని భుజంతో తలుపు నెట్టుకుంటూ వచ్చింది. ఒక కాలు ఈడుస్తూ వచ్చి, ఎవరికి ముందివ్వాలో తెలియక తలుపు దగ్గరే ఆగింది. అమ్మాయి అటు చూసింది. ఆ తర్వాత నోరు మూసుకుంది.

"తెల్దు" అంది, తల దించుకుని.

నేను పుస్తకంలో రాసుకున్నాను: సమాధానం లేదు.

ట్రైనర్ జాబితాలో ఆమె పేరు కొట్టేశారు. మెషీన్ మీద నుంచి తీసి కౌంటర్లో వేస్తామన్నారు. మర్నాటి నుంచి ఆమె రాలేదు. బూట్ల సంచి అరలోనే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున అలవాటు కొద్దీ బొత్తాం నొక్కాను. తేడా రెండు వందల ఎనిమిది.

రెండుసార్లు కూడి చూశాను. రైలు దిగి ఇంకో దారిన వచ్చిందేమో అనుకున్నాను, చూడండి నా బుద్ధి. ఆ మర్నాడు నూట తొంభై నాలుగు. ఎడమ బాణం మళ్లీ రెట్టింపు. ఇంక మూడో రోజు తొమ్మిది కాకుండానే వెళ్లి తుపాకీ ఆట వెనక స్టూలు వేసుకుని కూర్చున్నాను. నలభై నాలుగు రోజుల్లో నేను కళ్లతో చూద్దామని వెళ్లడం అదే మొదటిసారి.

కింద స్విచ్ పడింది. మెషీన్లన్నీ ఒక్కసారి మూలిగి వెలిగాయి. కాసేపటికి బకెట్టు చప్పుడు. తుడిచే ఆవిడ వచ్చింది. తడిగుడ్డ వేదిక మీద పడేసింది. వెనక కడ్డీ పట్టుకుంది. ఎడమ కాలు ఎడమ బాణం మీద గట్టిగా ఊనింది. కుడి కాలితో గుడ్డను తొక్కిపెట్టి, ముందుకీ వెనక్కీ పక్కకీ తోయడం మొదలుపెట్టింది. తోసినప్పుడల్లా ఒళ్లు ఊగుతోంది. ఊగినప్పుడల్లా కాళ్ల కింద బాణాలు వెలుగుతున్నాయి. ఎడమది, ఎడమది, ముందుది, ఎడమది, కుడిది. గుడ్డలోంచి నీళ్లు బాణం సందుల్లోకి దిగుతున్నాయి.

మా ఇళ్లలో నడుం వంగని ఆడవాళ్లంతా నేల అలాగే తుడుస్తారు. మా అమ్మా అలాగే తుడిచేది. చిన్నప్పటి నుంచి చూసిందే. అయినా అది అడుగు కింద లెక్కకు వస్తుందని నాకు తట్టలేదు. తుడిచిన వేదికను చూసి తుడిచే మనిషి గుర్తుకు రాలేదు. అనుమానించడానికైనా ఆవిణ్ని నేను మనుషుల లెక్కలో వేసుకోలేదు.

"నువ్వేనా!" అని లేచాను.

"ఓలమ్మో!" అని ఎగిరిపడింది. "ఏటి బాబూ, దెయ్యంలాగ అక్కడ కూకున్నావ్? ఏటి నానేనా?"

"రోజూ ఇలాగే తుడుస్తున్నావా?"

"మరెలగ తుడవాల? కర్ర వొద్దన్నావు. గుడ్డెట్టి తుడవమన్నావు. వొంగి తుడుద్దామంటే నా మోకాలు ఒంగదు. అద్దంలాగ ఉండాలన్నావా లేదా? ఉన్నాదా లేదా, సెప్పు?"

"ఆదివారం?"

"ఆదివారం తొమ్మిదిన్నరకే తెరిసేస్తారు కదా, తడిగుడ్డ ఎప్పుడు పెడతాను? ఉత్తి సీపురే. అన్నట్టు బాబూ, మొన్నొకరోజు ఎవుడో సన్నాసి దీని మీద సుద్దపొడి పోసేసినాడు. కడగలేక సచ్చిపోనాను. ఆడు దొరికితే సెప్పు, ఆడి సంగతి సూత్తాను."

ఆ సన్నాసిని నేనేనని చెప్పలేకపోయాను. పెన్సిలు ప్రశ్న గుర్తుకు జవాబు దొరికింది. ఎడమ మీట రెండుసార్లు ఎందుకు పోయిందో కూడా దొరికింది. పొద్దున్నే స్విచ్ వేయించింది నేను. మాప్ వద్దన్నది నేను. ఆ అడుగులు ఆవిడవి, వాటిని వేయించింది నేను.

ఆ రోజే మేనేజరుకు చెప్పాను. ఆర్డర్లు రెండూ నావేనని, ఎడమ వాటం మాట నేను అల్లిందని, ఆవిడను ఏమీ అనొద్దని కాగితం మీద రాసి సంతకం పెట్టి విశాఖ పంపించాను. జవాబు ఫోన్లో వచ్చింది. శ్రీకాకుళం పోస్టు అప్పటికే వేరేవాళ్లకు ఇచ్చేశారట. కావాలంటే ఆ అమ్మాయి మళ్లీ డెమోకి రావచ్చట. నన్ను మాత్రం తీసెయ్యలేదు. ఇంత నిక్కచ్చిగా రాసేవాళ్లు దొరకరని టై ఆయన మెచ్చుకున్నాడట. ఆ మెప్పు విన్నప్పుడు నాకెలా ఉండి ఉంటుందో మీకే వదిలేస్తున్నాను.

ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. మోగింది, తీయలేదు. ఏడుసార్లు చేశాను.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం తనే వచ్చింది. బూట్ల కోసమట. అరలోంచి సంచి తీసి ఇచ్చాను. చెప్పాల్సింది చెప్పాను. మధ్యలో ఎక్కడా ఆపలేదు ఆమె. చివర్న అడిగింది:

"అప్పని ఏటైనా అన్నారా?"

తుడిచే ఆవిడను ఆ అమ్మాయి అప్పా, అంటే అక్కా, అని పిలిచేది.

"లేదు. ప్లాస్టిక్ క్లిప్పు ఉన్న మాప్ తెప్పించాం. స్విచ్ ఇప్పుడు పదింబావుకి వేస్తున్నారు."

"మంచిది."

ఆ ఒక్క మాటతో నాకు ఏదో తట్టింది. "నీకు ముందే తెలుసా?" అన్నాను.

"ముందు తెల్దు. బూట్ల కోసం వచ్చినప్పుడు రోజూ సూసేదాన్ని, కాలితో తుడుస్తుంటే బాణాలు వెలుగుతుండేవి. అది లెక్కకొస్తాదని నాకేటి తెలుసు? ఆ రోజు గదిలో మీరు తొమ్మిదికీ పదికీ మధ్య అన్నారు సూడండి, అప్పుడు తట్టింది. సెప్పేద్దామని నోరు తెరిశాను. అప్ప టీలు పట్టుకుని అక్కడే ఉన్నాది."

"చెప్పాల్సింది కదమ్మా."

"సెప్తే మీటలు రెండూ ఆవిడ మీద ఏసేవారు కదా బాబాయ్. నాకు ఈ ఉద్యోగం పోతే ఇంకోటి వస్తాది. అప్పకి ఇంకో మోకాలు రాదు."

ఆమె బూట్లు తీసి దుమ్ము దులుపుకుంటోంది.

"డెమోకి మళ్లీ రమ్మంటున్నారు" అన్నాను.

"కొత్తవలసలో టైపు ఇన్‌స్టిట్యూట్‌లో సేరిపోయాను. నేర్పించడానికి." నవ్వింది. ఈసారి ఆ నవ్వు సరిగ్గా సరిపోయింది. "నాన్నకి కూడా సెప్పేశాను. పని పోయిందని సెప్పాలంటే ఏ పనో సెప్పాలి కదా."

"ఏమన్నారు?"

"ఆదివారం ప్రార్థన అయ్యాకే ఎళ్లేదానివి కదా అన్నాడు. అవునన్నాను. సరేలే అన్నాడు."

నా పుస్తకంలో ఆమె నేరానికి పెద్ద రుజువు ఆ ఆదివారమే. ఆ ఇంట్లో ఆమెను కాపాడిందీ అదే.

వెళ్తుందనుకున్నాను. వెళ్లలేదు. బెంచీ మీద కూర్చుని బూట్లు వేసుకుని తాళ్లు బిగించింది. "ఒకపాలి ఆ తలుపు తెరిసి, మీ మీటరు సూసుకోండి బాబాయ్" అంది. తెరిచి నాలుగు అంకెలూ రాసుకున్నాను. ఆమె వేదిక ఎక్కింది. పోటీ పాట పెట్టింది. చుట్టూ ఎవరూ లేరు, చెప్పుల వరసా లేదు.

మొదటి బాణం వచ్చింది. ఆమె కుడి కాలు వేసింది. నేను చూస్తుండగానే, తొందరపడకుండా, కుడి కాలే ముందు వేసింది. ఆ తర్వాత నాకు కాళ్లు విడిగా కనబడలేదు. ఆ మెషీన్ పక్కన అన్ని నెలలు నిలబడ్డాను, ఆమె ఆడటం మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారి కూడా చూడలేదని అప్పుడు తెలిసింది. నేనెప్పుడూ మీటరు వైపే ఉండేవాణ్ని.

పాట అయిపోయింది. కడ్డీ పట్టుకుని ఊపిరి తీసుకుంటూ, "ఎంత?" అంది.

తీసివేసి చూశాను. ముందు యాభై రెండు, వెనక యాభై ఒకటి, కుడి యాభై రెండు, ఎడమ యాభై ఒకటి.

"రెండు వందల ఆరు" అన్నాను.

"రాసుకోండి" అని దిగి, బూట్లు విప్పి, ఈసారి సంచిలో దాచకుండా చేతిలో పట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది.

మూడు నాలుగేళ్లకే ఆ ఆట జనానికి మొహం మొత్తింది. పిల్లలు ఫోన్ ముందు నిలబడి ఆడటం నేర్చుకున్నారు. మెషీన్ మీద దుప్పటి కప్పి మూలకు నెట్టేశారు. పుస్తకం మాత్రం నా దగ్గరే ఉంది. అందులో నలభై ఒక్క రోజుల అడుగులు ఆమె మీద రాశాను. ఆ వరస కింద ఒక గీత గీసి, ఆ మధ్యాహ్నం లెక్క రాశాను. ఆమె పేరున నేను రాసిన అడుగుల్లో నిజంగా ఆమె వేసినవి ఆ రెండు వందల ఆరే.